అక్క ఇచ్చే శ్రుతి

మా అక్కకి పాట రాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఎవరి దగ్గర అక్క సంగతెత్తినా "ఓహో, ఆవిడ పాడతారా?" అంటారు. పాడదండీ బాబూ. స్నానం చేస్తూ కూడా కూనిరాగం తియ్యదు. ఎవరింట్లోనైనా పసిపిల్లని ఒళ్ళో పెట్టి జోకొట్టమంటే ఎక్కాలు అప్పజెప్పినట్టు ఏదో గొణుగుతుంది. ఆవిడకి వచ్చింది ఒకే ఒక్క స్వరం. పొద్దున్నే వంటింట్లోంచి తల బయటికి పెట్టి, మేడ మెట్ల వైపు చూసి, "సా..." అంటుంది. ఒక్కసారి. మళ్ళీ లోపలికెళ్ళి పాలు పొంగకుండా చూసుకుంటుంది. ఆ ఒక్క ‘సా’ మీద ముప్ఫై ఏడేళ్ళు బతికాను నేను.

అది ఏ గురువు దగ్గరో నేర్చుకున్నది కాదు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో అంటుకున్నది. అక్క అక్కడ ఆపరేటరుగా ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసింది. నెత్తి మీద ఇనప పట్టీ, నోటి ముందు గొట్టం, ఎదురుగా తీగలు గుచ్చే కన్నాల బల్ల, ఎనిమిది గంటలు చెవిలో డయల్ టోను. పక్క కుర్చీల వాళ్ళకి ఆ మోత చెవిలో జోరీగ. మా అక్కకి మాత్రం అది లోపలికి దిగి పాతుకుపోయింది. ఒకరోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "ఈవేళ మోత కొంచెం దిగిందిరా, మెకానిక్కుకి చెప్పాను" అంది. మెకానిక్కు పగలబడి నవ్వాడట. తర్వాత ఎందుకైనా మంచిదని మీటరు పెట్టి చూశాడట. అప్పట్నుంచి అక్కతో మాట్లాడేటప్పుడు చేతులు కట్టుకుని నిలబడేవాడు.

"ఏదీ, ఆ మోత ఎలా ఉంటుందో అను" అన్నాను నేను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, అక్కకి ముప్ఫై. అంది. నా దగ్గర ఎవరినో అడిగి తెచ్చుకున్న శ్రుతిపెట్టె ఉంటే పక్కన పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. మర్నాడు అడిగాను, ఆ మర్నాడు అడిగాను, జలుబు చేసి గొంతు బొంగురుపోయిన రోజు కూడా అడిగాను. గొంతు మారింది గానీ స్వరం మారలేదు. శ్రుతిపెట్టె తీసుకెళ్ళి వాళ్ళది వాళ్ళకిచ్చేశాను.

ఇక నా పని గురించి. స్టూడియోల్లో నన్ను గిన్నెల మాస్టారంటారు. సినిమాలకి వింత వాయిద్యాలు వాయిస్తాను. పింగాణీ గిన్నెల్లో నీళ్ళు పోసి పుల్లలతో కొడతాను. వడ్రంగి రంపాన్ని మోకాళ్ళ మధ్య పెట్టి వంచి వయొలిన్ కమానుతో ఏడిపిస్తాను. కొండల్లో గొర్రెలకాపరుల దగ్గర కొన్న సొరబుర్ర ఒంటితీగ ఒకటుంది. పాత మంచం స్ప్రింగులు పలకకి బిగించుకున్నాను. ఒక దున్నకొమ్ము ఉంది, అది ఊదితే పక్కింటాయన కిటికీ వేసుకుంటాడు. సినిమాలో దెయ్యం వచ్చినా, ఎవరికైనా పిచ్చెక్కినా, అడవిలో దారి తప్పినా నాకు ఫోనొస్తుంది. పెళ్ళి చేసుకున్నా, ప్రేమించుకున్నా రాదు. నలభై వయొలిన్లు ఏడవడం అయిపోయాక ఆఖర్న నన్ను పిలిచి, "మాస్టారూ, కాస్త వింతగా ఏదైనా..." అనేవాళ్ళు. ఇలా ముప్ఫై ఏళ్ళు వింతగా బతికాను.

పెళ్ళి కాలేదు. "మంచం మీద పడుకోకుండా మంచాన్ని వాయించేవాడికి పిల్లనెవడిస్తాడు?" అనేది అక్క. అక్క ఇంట్లోనే మేడ మీద రెండు గదుల్లో చేరిపోయాను. బావ బస్సు డ్రైవరు, వారంలో నాలుగు రోజులు ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు. ఉన్న రోజుల్లో మంచం మీంచి లేవకుండానే "అదిగో, అక్కాతమ్ముళ్ళు హారను చూసుకుంటున్నారు, ఇక బండి తియ్యొచ్చు" అనేవాడు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. వాళ్ళకి పిల్లల్లేరు. అక్కకి తోడుగా ఉంటున్నానని నేను అందరికీ చెప్పేవాణ్ణి. ఎవరికి ఎవరు తోడో మా వీధిలో కుక్కకి కూడా తెలుసు.

మేం పొట్లాడుకోని రోజు లేదు. అన్నం మెత్తబడిందని, పంపు కట్టెయ్యలేదని, పేపరు ముందు ఎవరు చదవాలని. శ్రుతి మీద కూడా. ఆవిడ ‘సా’ అన్నాక నేను మేడ మీంచి "ఈవేళ తగ్గింది!" అని అరిచేవాణ్ణి, ఊరికే ఉడికించడానికి. "నీ మొహం తగ్గింది, వెళ్ళి చెవుల్లో గుబిలి తీయించుకో!" అని కింద నుంచి వచ్చేది. తగ్గలేదని ఇద్దరికీ తెలుసు.

ఆ ‘సా’ నాకెందుకంత అవసరమో చెప్పాలి. నా సరుకులో ఒక్కదానికీ సొంత శ్రుతి అంటూ లేదు. గిన్నెలో చెంచాడు నీళ్ళు ఎక్కువైతే స్వరం దిగుతుంది, ఎండకి ఆవిరైతే ఎక్కుతుంది. బుర్ర మీద తోలు వానాకాలం వదులవుతుంది. రంపమైతే మోకాలు ఎంత వంచితే అంత. అవన్నీ రోజూ పొద్దున్నే ఏదో ఒకదానికి కట్టి పెట్టాలి, లేకపోతే ఒక్కొక్కటీ ఒక్కో దారి పడుతుంది. నేను వాటిని అక్కకి కట్టేవాణ్ణి. ఫోనుల్లో శ్రుతి చూపించే యాప్‌లు వచ్చాక మా వాళ్ళంతా అవే వాడుతున్నారు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో అక్కని పెట్టుకుని ఫోనుని అడగడమేంటి?

మూడేళ్ళ కిందట ఒక డైరెక్టరమ్మ మా మెట్లెక్కి వచ్చింది. ముప్ఫై దాటిన మనిషి, తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. గదంతా తిరిగి ఒక్కో వాయిద్యాన్నీ వేలితో తట్టి చూసి, "సినిమా మొత్తం వీటితోనే కావాలి. వయొలిన్ వద్దు, కీబోర్డు వద్దు, మరో మనిషి వద్దు. సంగీతం మీదే" అంది. ఇరవై ఏళ్ళ కిందట ఎవరైనా ఆ మాటంటే ఎగిరి గంతేసేవాణ్ణి. ఆవేళ కుర్చీలో కూలబడ్డాను. యాభై ఆరేళ్ళు, మోకాళ్ళు అప్పటికే రంపాన్ని తిట్టుకుంటున్నాయి. అయినా కాదంటానా? కింద అక్కకి చెబితే, "ఇన్నాళ్ళకి దెయ్యాలు లేని సినిమా ఒకటి దొరికింది నీకు" అని, పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, "ఉల్లిపాయలు" అంది. ఆ పూట ఇంట్లో ఉల్లిపాయలు లేవు.

కథ చిన్నది. ఒక తల్లి తప్పిపోయిన కూతుర్ని వెతుక్కుంటూ పోతుంది, ఆఖరికి కనుక్కుంటుంది. మొదట్లో తల్లి ఒంటరిగా నడుస్తున్నప్పుడు ఒక రాగం, రంపం మీద. ఆఖర్లో కూతురు కనిపించినప్పుడు ఇంకో రాగం, గిన్నెల మీద. ఇద్దరూ ఎదురుపడ్డాక నాలుగు నిమిషాలపాటు ఆ రెండు రాగాలూ ఒకదాని మీద ఒకటి కలిసి నడవాలి. డైరెక్టరమ్మ పట్టుబట్టి అడిగింది అదొక్కటే. "మాట ఒక్కటి ఉండదు సార్ అక్కడ. వాళ్ళిద్దరూ కలిశారని మీ సంగీతమే చెప్పాలి."

ఆర్నెల్లలో అయిపోతుందన్నారు. మూడేళ్ళు పట్టింది. నాలుగు సీన్లు తీయడం, ఆగిపోవడం. మళ్ళీ ఎప్పుడో తీయడం, వానలని ఆగిపోవడం. తీసినంతవరకూ సంగీతం చేసి పెట్టమనేవారు. గిన్నెలు కదిపితే నీళ్ళు కదుల్తాయి కాబట్టి రికార్డింగు మా మేడ మీదే. ఇంజినీరు మైకులూ వైర్లూ మోసుకొచ్చేవాడు. మిషను ముందు కూర్చోగానే కళ్ళు మూతలు పడే మనిషి, అందుకని అందరూ అతన్ని కునుకు అంటారు. కానీ చిన్న తేడా వస్తే కళ్ళు తెరవకుండానే వేలెత్తుతాడు. వీధిలో బండి పోతే ఆపాలి, పావురం అరిస్తే ఆపాలి. మధ్యాహ్నానికి గిన్నెల్లో నీళ్ళు తగ్గితే చెంచాతో పొయ్యాలి. తోలు వదులైతే బల్బు దగ్గర పెట్టి వెచ్చబెట్టాలి. సాయంత్రానికి తల ప్రాణం తోకకొచ్చేది. మర్నాడు పొద్దున్న మళ్ళీ కింద నుంచి "సా...", మళ్ళీ మొదలు. అలిసిపోయానని చెబితే అక్క, "రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది. నాకు అరవై ఏడు, నేను చెప్పానా?" అనేది.

ఎలాగో అయింది. పోయిన నెల్లో ఒక సోమవారం పొద్దున్న మిక్సింగు స్టూడియోలో కునుకూ నేనూ ఆ నాలుగు నిమిషాలు కలపడానికి కూర్చున్నాం. మూడేళ్ళ కిందటి రంపం, మొన్న మొన్నటి గిన్నెలు. రెండు ఫైళ్ళూ ఒకదాని కింద ఒకటి పెట్టి మీట నొక్కాడు.

నా పళ్ళు జివ్వుమన్నాయి. తల్లీ కూతురూ కలుసుకోవడం కాదు, పంపు దగ్గర ఇద్దరు పొట్లాడుకుంటున్నట్టుంది. "ఫైలు తప్పు పెట్టావు" అన్నాను. కాదన్నాడు. "స్పీకరు పాడైంది." కాదన్నాడు. "నీ మిషను ఒకటి స్పీడుగా తిప్పుతోంది." దానికి అతను కుర్చీ ముందుకి లాక్కున్నాడు. కంప్యూటరులో మూడేళ్ళ ఫైళ్ళన్నీ తేదీల వారీగా పరిచి, ఒక్కొక్కదాని శ్రుతి కొలిచి గీతలు పెట్టాడు. మెట్ల మీంచి దిగుతున్నట్టు దిగుతూ వచ్చాయి. మొదటి రోజు సరిగ్గా ఉంది. మొదటి వానాకాలానికి కొంచెం తక్కువ. మరుసటి ఏడాదికి ఇంకొంచెం. ఆఖరికి అర స్వరం దాకా పోయింది. ఏ రోజుకారోజు అన్నీ ఒకదానికొకటి సరిపోయే ఉన్నాయి కాబట్టి మా ఇద్దరికీ తెలియలేదు. గదిలో కీబోర్డు ఒక్కటున్నా పట్టించేసేది. అది వద్దన్నాం కదా, ఈ మూడేళ్ళూ నేను వేరే సినిమాకీ వెళ్ళలేదు.

"మాస్టారూ, రోజూ శ్రుతి దేన్నుంచి తీసుకున్నారు?" అన్నాడు కునుకు.

"సొరబుర్ర నుంచి. దాని తోలు దిగినట్టుంది" అన్నాను.

అబద్ధమని అతనికి తెలుసు. మా ఇంట్లో మూడేళ్ళు టీ తాగినవాడు.

నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పోయినేడాది అక్క నా మీదికి లేచింది, "కాలింగ్ బెల్ ఎందుకు మార్చావు, పాతది బాగానే ఉందిగా" అని. మార్చలేదని నెత్తీ నోరూ బాదుకున్నాను. టీవీలో వార్తలు చదివే అమ్మాయి కీచుగా అరుస్తోందని విసుక్కునేది. కుక్కరు కొంటే అది కూడా కొత్త రకం కూత కూస్తోందని తిరిగి ఇచ్చేయమంది. నేను ముసలితనం చాదస్తం అనుకుని నవ్వాను. నవ్వినందుకు ఇప్పుడు సిగ్గేసింది.

"కంప్యూటరులో గిన్నెల్ని పైకెత్తనా? రెండు నిమిషాల పని" అన్నాడు కునుకు. ఎత్తాడు. శ్రుతి కలిసింది గానీ గిన్నెలు గిన్నెల్లా లేవు, ప్లాస్టిక్కు డబ్బాల్లా ఉన్నాయి. అతనికి అంత తేడా అనిపించలేదన్నాడు. నాకనిపించింది. ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసిన సినిమా ఇది, ప్లాస్టిక్కు డబ్బాల్తో ఇవ్వలేను. ఏదో ఒకటి మళ్ళీ వాయించాల్సిందే. వారం చివరికి సినిమా అప్పజెప్పాలి.

మర్నాడు పొద్దున్న ఫోనులో ఆ యాప్ పెట్టుకుని, చొక్కా జేబులో దాచుకుని మెట్ల మీద నిలబడ్డాను. దొంగతనానికి వెళ్ళినప్పుడు ఇలాగే ఉంటుందేమో. అక్క తల బయటికి పెట్టింది. "సా..." అంది. ఎప్పటిలాగే తిన్నగా, వణుకు లేకుండా, గీత గీసినట్టు. నాకు ఎప్పటిలాగే సరిగ్గా వినిపించింది. జేబులోంచి తీసి చూశాను. ముల్లు ఎడమ పక్కకి, తగ్గు వైపుకి ఒరిగి ఉంది.

"ఏం, తగ్గిందా?" అంది అక్క, పొట్లాటకి సిద్ధంగా గరిటె పట్టుకుని.

"లేదక్కా. సరిగ్గా ఉంది" అన్నాను.

ఆవిడ గరిటె దించి లోపలికెళ్ళింది. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎలా చెప్పాలి? అక్కకి ఏమున్నాయి గనక? బావ లేడు, ఉద్యోగం లేదు, ఎక్స్ఛేంజి ఉన్న చోట ఇప్పుడు చెప్పుల దుకాణం ఉంది. నేను చేసిన ప్రతి సినిమాలో ప్రతి స్వరం అడుగునా తనున్నానన్న సంగతి ఒక్కటుంది. అది ఎవరికీ తెలియదు, ఆవిడకి తెలుసు. దాన్ని ఫోను ముల్లు చూపించి లాక్కోవాలా? నా వల్ల కాదనిపించింది.

స్టూడియోకి వెళ్ళి, "మొదటి రాగం మళ్ళీ వాయిస్తాను. రంపాన్ని దింపి గిన్నెలకి కలుపుతాను" అన్నాను.

కునుకు పూర్తిగా కళ్ళు తెరవడం ఆవేళే చూశాను. "సరిగ్గా ఉన్నదాన్ని తీసుకెళ్ళి తప్పుగా ఉన్నదానికి కలుపుతారా?"

"అవును."

"దాని ముందూ వెనకా ఉన్నవి కూడా దింపాలి, తెలుసుగా? పొద్దున్నించి సాయంత్రం దాకా రంపం. మీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళ సంగతి నీకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకా?" అన్నాను. పాపం, మంచికే అడిగాడు.

ఆ రెండు రోజులూ ఇంట్లో నేను అక్క ఏమంటే అది సరేనన్నాను. అన్నం మెత్తబడిందా అంటే బాగుందన్నాను. పేపరు ముందు ఆవిడకే ఇచ్చాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని. గురువారం పొద్దున్న నేను చెప్పులేసుకుంటుంటే తనూ చేతిసంచీ తీసుకుని తయారైంది. "నోట్లో నువ్వుగింజ నానని వాడివి, రెండ్రోజులుగా పెదవి విప్పట్లేదు. నువ్వు నాతో పొట్లాడట్లేదంటే నీకు జబ్బయినా చేసుండాలి, సినిమా అయినా పోయుండాలి. పద, ఏంటో చూస్తాను" అంది. ముప్ఫై ఏడేళ్ళలో అక్క స్టూడియో గడప తొక్కడం అదే మొదలు.

కునుకు లేచి నిలబడ్డాడు. "కూర్చో నాయనా, నువ్వు నిలబడితే ఇక నిద్రెప్పుడు పోతావు" అని, అక్క సోఫాలో కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుంది. "వినిపించు. వీడు నా దగ్గర దాస్తున్నదేంటో."

అతను నా వైపు చూశాడు. నేను ఏమీ అనకముందే మీట మీద చెయ్యి పడింది. మొదటి రాగం, పాతది, మూడేళ్ళ కిందట తీసింది. స్పీకర్లలోంచి రంపం మెల్లగా లేచింది. అక్క కళ్ళు మూసుకుంది. కాసేపు విని, తల అడ్డంగా ఊపింది.

"హెచ్చుందిరా."

కొలతకి సరిగ్గా ఉన్నది అదొక్కటే. ఆ గదిలో ఇద్దరికి ఆ సంగతి తెలుసు. నేను ముందే అనుకుని పెట్టుకున్న మాట అనేశాను. "అవునక్కా. హెచ్చే. దింపుతున్నాం."

అక్క కళ్ళు తెరిచింది. "ఏమన్నావు?"

"హెచ్చుందన్నాను. నువ్వన్నది నిజమే."

చాలాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత సంచీ జిప్పు లాగి, మళ్ళీ వేసి, మెల్లగా అంది. "నీకు బుద్ధి తెలిసిన దగ్గర్నించి నేను ఔనంటే నువ్వు కాదన్నావు. వాన పడుతోందంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుంటే గానీ ఒప్పుకోలేదు. ఈవేళ శ్రుతి దగ్గర, నీ సొంత పని దగ్గర, ఒక్క మాటకి తలూపావు. అంటే తప్పు నాదేనన్నమాట."

నేను కాదందామనుకున్నాను. అప్పటికే ఆవిడ అటు తిరిగింది.

"ఎంత దిగాను నాయనా?" అని కునుకుని అడిగింది. నన్ను కాదు.

"అర స్వరమమ్మా, మూడేళ్ళ మీద" అన్నాడు అతను తల వంచుకుని. "నాకు పని నేర్పిన ఇంజినీరుగారికీ అరవై దాటాక ఇలాగే అయింది. చెవుడు కాదు. వయసుకి కొందరికి అన్నీ కొంచెం హెచ్చుగా వినిపిస్తాయట."

"అన్నీనా?"

"అన్నీనటమ్మా."

అక్క సోఫా వెనక్కి వాలింది. "మూడేళ్ళ నుంచీ లోకమంతా నా మీద గొంతు పెంచిందనుకున్నానురా" అంది. "టీవీ వాళ్ళూ, బస్సులూ, పక్కింటి పిల్లలూ. ఎందుకిలా అరుస్తున్నారు అందరూ, నేనేం చేశాను అనుకునేదాన్ని. ఎంత అలిసిపోయానో నీకు తెలీదు." గొంతు ఏడుపులా లేదు, వింటున్న నాకే ఏడుపొచ్చింది. ముప్ఫై ఏడేళ్ళు పక్కనే ఉండి, ఆవిడ చెవులు ఏం వింటున్నాయో ఒక్కసారీ అడగలేదు నేను.

అంతలోనే కూర్చున్న చోటే నిటారుగా అయింది. "సరే, నా చెవి ముసలిదైంది. నీ చెవులేం చేస్తున్నాయి? రోజూ విన్నావుగా? రంపం పట్టుకుని సంగీతం చేసే మొనగాడివి, ఒక్కనాడూ తెలీలేదా?"

"నువ్విచ్చాక నేనెందుకు చూసుకుంటానే?" అన్నాను. రుమాలు కోసం జేబులన్నీ తడుముకున్నాను. కునుకు నీళ్ళ సీసా తెస్తానని బయటికెళ్ళాడు. అతని పక్కనే నిండు సీసా ఉంది.

అక్క నా మోకాలి మీద చెయ్యి వేసింది. అది నొప్పి ఉన్న మోకాలే, తీసేయమనలేదు. "దింపకు" అంది. "సరిగ్గా ఉన్నదాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను. ఆఖరిది ఎత్తు. నా కోసం సినిమా పాడు చేశావని రేపు నేనే నిన్ను తిట్టాలి, అంత ఓపిక నాకు లేదు."

"రెండ్రోజులే ఉంది. గిన్నెలన్నీ మళ్ళీ నింపుకోవాలి."

"ఉందిగా రెండ్రోజులు? ఏడుస్తూ కూర్చోక పని చూసుకో."

బస్సులో ఇంటికి బయల్దేరాం. ఒక స్టాపులో బస్సు హారను కొడితే అక్క ఉలిక్కిపడి, నా వైపు చూసి, "ఇది మామూలేనా?" అంది. మామూలేనన్నాను. తలూపి, కిటికీ వైపు తిరిగింది.

శుక్రవారం పొద్దున్న గిన్నెల ముందు కూర్చున్నాను. ఇరవై రెండు గిన్నెలు, చెంబుతో నీళ్ళు, చేతిలో చెంచా. కింద పంపు చప్పుడు వినిపించింది. పాలగిన్నె పొయ్యి మీద పెట్టిన చప్పుడు వినిపించింది. చెయ్యి అలవాటుగా మొదటి గిన్నె దగ్గర ఆగిపోయింది. అక్క తల బయటికి పెడుతుందేమోనని చూశాను. పాలు పొంగే వేళయింది, దింపిన చప్పుడూ వినిపించింది. వంటింట్లోంచి ఎవరూ రాలేదు.

ఫోను తీసి నేల మీద పెట్టి, యాప్‌లో ‘సా’ నొక్కాను. సన్నటి కూత ఒకటి గదంతా నిండింది.

"ఒరేయ్" అని కింద నుంచి పిలిచింది అక్క.

"ఏంటక్కా?"

"అదే సరైందని తెలుసురా. అయినా హెచ్చుగానే వినిపిస్తోంది. ఆ తలుపేసుకుని చేసుకో నాయనా."

లేచాను. అక్క గొంతు పైకి వినపడాలని ఆ తలుపు ముప్ఫై ఏడేళ్ళలో ఎప్పుడూ వెయ్యలేదు. వానలకి చెక్క ఉబ్బిపోయి చట్రంలో పట్టలేదు. భుజం ఆనించి రెండుసార్లు గట్టిగా నెట్టాల్సి వచ్చింది.